బడిలో రోజూ 15 నిమిషాల పరుగు: చిన్న గ్రౌండు, నల్లమట్టి నేల. ఎలా మొదలుపెట్టాలి?

లంక బడి టీచరు (పి.గన్నవరం వైపు, గోదావరి మధ్య లంక ఊరు)
మాస్టార్లందరికీ నమస్కారమండి. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ఒక ప్రైమరీ స్కూలు 2012లో మొదలుపెట్టిన ‘డైలీ మైల్’ పద్ధతి మా బడిలో పెట్టాలనుకుంటున్నాం. రోజూ 15 నిమిషాలు, వేసుకున్న బట్టలతోనే, ఎవరి వేగంలో వాళ్లు. పిల్లలు 38 మంది, 1 నుంచి 5 తరగతులు. ఇద్దరం టీచర్లం, పీఈటీ (వ్యాయామం టీచరు) లేరు. కొబ్బరిచెట్లు, బోరు పోను గ్రౌండు 34×24 మీటర్లు ఉంటుంది. వాన పడితే కాలు దిగబడే నల్లమట్టి. ఏ పూట పరిగెత్తించాలి, ఎన్ని రౌండ్లు పెట్టాలి, నేలను ఏం చేయాలి?

పీఈటీ, రాజోలు
ముందు గీత సంగతి. 30×20 మీటర్ల దీర్ఘచతురస్రం గీసి మూలలు గుండ్రంగా తిప్పండి. నాలుగు పలకల మూల దగ్గర పిల్లలు ఒక్కసారిగా మళ్లుతారు, జారేది అక్కడే. మూల దగ్గర రెండు గీతల నుంచీ 5 మీటర్లు లోపలికి ఉండే బిందువు దగ్గర మేకు కొట్టి, 5 మీటర్ల తాడుతో వంపు గీస్తే చాలు. నాలుగు మూలలూ అలా తిప్పాక చుట్టు సుమారు 91 మీటర్లు వస్తుంది. 11 రౌండ్లయితే కిలోమీటరు. గీతకి ముగ్గుపిండి వాడండి, సున్నం వద్దు, కళ్లల్లో పడితే ప్రమాదం. చుట్టు చిన్నది కాబట్టి ఒక రోజు కుడి నుంచి, మర్నాడు ఎడమ నుంచి తిప్పండి. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒకే కాలి మీద బరువు పడుతుంది.

రౌండ్లు మాత్రం లెక్క పెట్టకండి. లెక్క మొదలైతే అది పందెం అయిపోతుంది. వెనకబడిన పిల్లలు నాలుగో రోజుకే కడుపునొప్పి అంటారు. మొదటి రెండు నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తి ఆ తర్వాత కూలబడడం అందరు పిల్లలూ చేసేదే. అందుకే మొదటి రౌండు టీచరు ముందు నడవాలి, ఎవరూ దాటకూడదు. తర్వాత ఒకటే నియమం: పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట తెగిపోతుంటే నడవమనండి. నడిచినా ఆ రోజు పరుగైనట్టే లెక్క.

లంక బడి టీచరు
లెక్క లేకపోతే 4, 5 తరగతుల వాళ్లకి వారం తర్వాత ఆసక్తి ఉంటుందాండీ?

పీఈటీ, రాజోలు
అయితే బడి మొత్తానికి ఒకే లెక్క పెట్టండి. మనిషికి సగటున కిలోమీటరు చొప్పున రోజుకి 38 కిలోమీటర్లు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. నది పుట్టే త్ర్యంబకం దగ్గర మొదలుపెడితే 39 బడి రోజుల్లో సముద్రంలో కలిసే అంతర్వేది చేరతారు. గోడ మీద పటం గీసి నాందేడ్, బాసర, భద్రాచలం, ధవళేశ్వరం దాటుతున్నప్పుడల్లా గుర్తు పెట్టించండి. ఒకటో తరగతి పిల్ల నడిచిన నాలుగు రౌండ్లూ అందులో కలుస్తాయి.

సివిల్ పని తెలిసినాయన, పాలకొల్లు
నేల గురించి చెబుతానండి. ఆ మట్టి మీద ఉత్త ఇసుక పోయించకండి, మొదటి వానలకే కిందికి దిగిపోతుంది. గీత బయట మీటరున్నర వెడల్పున మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ 10 సెంటీమీటర్ల మందాన వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించండి. కొడితే అణుగుతుంది కాబట్టి 6 యూనిట్లు తెప్పించాలి (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). పెద్ద రాళ్లు ఏరించి, పైన పల్చగా ఇసుక చల్లితే సరిపోతుంది. బయటి వైపు మూడు సెంటీమీటర్ల వాలు ఇచ్చి, పక్కన బోదె తీసి నీళ్లు బయటికి పోనివ్వండి. బోదె లేకపోతే గ్రావెల్ కూడా ఒక్క వర్షాకాలమే.

డబ్బు కుదిరేదాకా ఎండిన రోజుల్లోనే పరిగెత్తించండి. ఎండాకాలంలో ఈ మట్టి బీటలు తీస్తుంది, చిన్న పాదం అందులో పడితే చీలమండ మెలిపడుతుంది. ముందు బీటలు పూడ్పించాలి. కొబ్బరిచెట్ల మొదళ్లకి ఐదారు మీటర్ల దూరం ఉంచి, దింపు తీయించి (ముదిరిన కాయలు దింపించి), ఎండు మట్టలు కొట్టించాకే పిల్లల్ని దించండి. చోటు చాలడం లేదని కాలవ గట్టు మీదికి మాత్రం తీసుకెళ్లొద్దు.

ఆరోగ్య కార్యకర్త, ఆకివీడు
ప్రార్థన అవగానే పరుగు, ఆ తర్వాత రాగిజావ ఇవ్వండి. మధ్యాహ్న భోజనం తర్వాతైతే గంట ఆగాలి. ఒంటిపూట బడుల్లో కూడా ప్రార్థన కాగానే ముగించండి. మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. తలనొప్పి, తూలడం, వాంతి కనిపిస్తే నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడవండి, స్పృహలో ఉంటే కొంచెం కొంచెంగా నీళ్లు పట్టండి. తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండు రౌండ్లకే ఆయాసపడే పిల్లల్ని బద్ధకస్తులు అనకండి. కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు, ఏఎన్ఎంకి (ఊళ్లోకి వచ్చే నర్సుకి) చూపించండి. వారానికొక గులాబీ రంగు ఐరన్ మాత్ర మింగుతున్నారో లేదో చూడండి. వట్టికాళ్లతో తడి మట్టిలో తిరిగితే కొంకిపురుగు చర్మం గుండానే లోపలికి పోతుంది, అదీ రక్తాన్ని తగ్గిస్తుంది. కాబట్టి బూట్లుండాలి, ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ (నులిపురుగుల) మాత్ర తప్పకూడదు. బూటు వదులైతే బొబ్బలొస్తాయి, రెండు జతల మేజోళ్లు తొడిగించండి. ఉబ్బసం పిల్లల ఇన్‌హేలర్ టీచరు చేతిలో ఉండాలి, బీరువాలో కాదు. గుండె జబ్బున్న పిల్లలకి డాక్టరుని అడగకుండా పరుగు వద్దు.

లంక బడి టీచరు
ముసురు పట్టిన రోజుల్లో వరండాలో చేయించొచ్చాండీ?

పీఈటీ, రాజోలు
తడి వరండాలో పరుగు వద్దండి, గచ్చు మీద పడితే పళ్లూ తలా పగులుతాయి. గదిలోనే బల్లలు గోడకి జరిపి, నిలబడ్డ చోటే ఒక నిమిషం గెంతు, అర నిమిషం విరామం, అలా పదిసార్లు. బూట్లు తడిగా ఉంటే విప్పించి చేయించండి.