నామూలం లిఖ్యతే కించిత్: మూలమా, ఆధారమా, దాఖలానా?

అందరికీ నమస్కారం. ఖాళీ దొరికినప్పుడల్లా వికీపీడియాలో సైన్సు వ్యాసాలు దిద్దుతుంటాను. ఎవరైనా ఒక సంగతి రాసి, అది ఎక్కడ దొరికిందో చెప్పకపోతే ఆ వాక్యం పక్కన చిన్న గుర్తు పెడతాం. ఆ గుర్తుకి తెలుగులో ఏ మాట సరిపోతుందన్నదే నా సందేహం. తెలుగు వికీలో వ్యాసం అడుగున 'మూలాలు' అనే శీర్షిక ఉంటుంది, అది అలవాటైపోయింది. కానీ మూలం అంటే వేరు, మొదలు. 'వాన మూలాన ఆగిపోయాం' అన్నప్పుడు అది కారణం. అనువాదం సంగతి వస్తే అసలు రచన. ఇన్ని పనులు చేస్తున్న మాట నెత్తిన ఇంకో బరువు పెట్టాలా? కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యలు రాసిన మల్లినాథుడు 'నామూలం లిఖ్యతే కించిత్' అన్నాడని విన్నాను. అంటే వికీ నియమాన్ని ఆయన వందల ఏళ్ల కిందటే చెప్పేశాడా?

జవాబు:
ఎక్కడ అన్నాడు? 'విన్నాను' అంటే కుదరదండీ. గుర్తులు పెట్టేవారు మీరే కదా!

అడిగినవారు:
దొరికిపోయాను. రఘువంశం మీద ఆయన రాసిన సంజీవని వ్యాఖ్య మొదట్లో ఉంది. ఆ శ్లోకం రెండో సగం ఇది: 'నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే'.

జవాబు:
దాన్ని 'నా మూలం' అని చదివి, 'నా సొంతం కొంచెం రాస్తున్నాను' అని అర్థం చెప్పినవాళ్లని చూశాను. అక్కడున్నది న, అమూలం. మూలం లేనిది ఏదీ రాయడం లేదు, అక్కర్లేనిది ఏదీ చెప్పడం లేదు అని.

ఆయన ఈ మాట ఊరికే అని వదిలెయ్యలేదు. వ్యాఖ్య నిండా 'ఇత్యమరః' అని వస్తుంటుంది, అంటే ఈ అర్థం అమరకోశమనే సంస్కృత నిఘంటువులో ఉంది అని. చదివేవాడికి అనుమానం వస్తే వెళ్లి చూసుకోవచ్చు. ఇప్పుడు వాక్యం చివర చిన్న అంకె వేస్తున్నారే, అదే పని ఇది రెండు మాటల్లో చేస్తుంది. కాబట్టి 'మూలం' అన్న మాట ఈ పనికి కొత్తేమీ కాదు, నిశ్చింతగా వాడుకోండి. ఆ పంక్తిలో రెండో సగాన్ని, అంటే అక్కర్లేనిది చెప్పకపోవడాన్ని మాత్రం వికీ వాళ్లు కొంచెం మరిచిపోయారేమో అనిపిస్తుంది. కొన్ని వ్యాసాలకి అంతం ఉండదు.

జవాబు:
మాస్టారూ, చిన్న అభ్యంతరం. నాది పరిశోధన వృత్తి. మూలాల్లో రెండు రకాలు చెబుతారు. ప్రయోగం చేసినవాళ్లు స్వయంగా రాసిన పేపరు ప్రాథమిక మూలం. దాన్ని వేరేవాళ్లు పరిశీలించి రాసిన సమీక్షా వ్యాసం, పాఠ్యపుస్తకం లాంటివి ద్వితీయ మూలం. వికీపీడియా ఎక్కువగా ఆనుకునేది ఈ రెండో రకం మీదే. అసలు మూలం అంటేనే మొదటిది కదా, అందులో రెండోది ఏమిటి? చెట్టుకి రెండో వేరు అన్నట్టుంది. ఇలాంటి చోట 'ఆధారం' నయం. ఆధారం అంటే ఆనుకోవడానికి ఉన్నది, ఎన్నయినా ఉండొచ్చు, ఒకదాని మీద ఒకటి ఉండొచ్చు.

ఇది మాటల పట్టింపు మాత్రమే అనుకోకండి. డోనా స్ట్రిక్‌లాండ్‌కి 2018 అక్టోబరులో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ రోజుకి ఆమె మీద ఇంగ్లీషు వికీపీడియాలో పేజీ లేదు. అంతకుముందు ఒకరు చిత్తుప్రతి రాసి పంపితే, చూపించిన ఆధారాలు ఆమె ప్రాముఖ్యాన్ని చూపడానికి చాలవని అదే ఏడాది మే నెలలో తిప్పిపంపారు. నోబెల్ తెచ్చిన లేజర్ పని 1985 నాటిది! పని ఉంది, పేపరు ఉంది, అంటే మూలం ఉంది. ఆమె గురించి ఇతరులు రాసినవే చాల్లేదు. ఆ ఇతరులు రాసిన దాన్ని మూలం అనగలమా?

జవాబు:
ఎవరు పడితే వాళ్లు రాసేదానికి ఇంత చర్చా? మూలం అన్నా ఆధారం అన్నా రాసేవాడు రాస్తూనే ఉంటాడు.

జవాబు:
అందరూ మొదట అలాగే అన్నారు లెండి. 2005లో నేచర్ పత్రిక సైన్సు విషయాల మీద 42 జతల వ్యాసాలు తీసుకుని నిపుణులకి చూపిస్తే, వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో మూడు తప్పులు తేలాయి. పద్ధతి సరిగ్గా లేదని బ్రిటానికా గట్టిగానే కాదంది, నేచర్ వెనక్కి తగ్గలేదు. ఆ తగువు అలా ఉంచితే, తర్వాత కొందరు శాస్త్రవేత్తలే ఇటు వచ్చారు. ఆర్‌ఎన్‌ఏ బయాలజీ అనే పత్రిక 2008లో ఒక నియమం పెట్టింది: కొత్త ఆర్‌ఎన్‌ఏ కుటుంబం (ఒకే పోలికలున్న ఆర్‌ఎన్‌ఏ అణువుల గుంపు) గురించి పేపరు వేయాలంటే వికీపీడియా వ్యాసం కూడా రాసి ఇవ్వాలి.

అడిగినవారు:
నాకు ఇంకా తమాషాగా అనిపించిన సంగతి చెప్తాను. థాంప్సన్, హాన్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 2017లో బయటపెట్టారు. వికీపీడియాలో లేని రసాయనశాస్త్ర అంశాల మీద వ్యాసాలు రాయించి, చీటీలు తీసినట్టు సగం ఎక్కించారు, సగం తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన పత్రాల భాషని పోల్చి చూశారు. ఎక్కించిన వ్యాసాల్లోని మాటల పోకడ పత్రాల్లోకి వచ్చింది, దాచిన వ్యాసాలది రాలేదు. అంటే శాస్త్రవేత్తలు చదువుతున్నారు, తీసుకుంటున్నారు. కానీ పేపరు చివర ఇచ్చే జాబితాలో వికీపీడియా పేరు కనపడటం అరుదు. నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు కదా, ఇక్కడ ఋషులే మూలం చెప్పడం లేదు!

జవాబు:
అమ్మా, అది బాగా పట్టుకున్నావు. నది సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఏరు కిందికి పారి, చుట్టు తిరిగి మళ్లీ తన ఊటలోకే వచ్చి కలిస్తే?

జవాబు:
అలా జరిగింది మాస్టారూ! కోఆటి అని దక్షిణ అమెరికా జంతువు ఒకటి ఉంది. 2008లో ఒక విద్యార్థి సరదాకి ఆ వ్యాసంలో దానికి 'బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్' అని ఇంకో పేరు తగిలించాడు. ఎవరూ పట్టించుకోలేదు. పత్రికలవాళ్లు దాన్ని చూసి రాశారు, ఒక విశ్వవిద్యాలయ ప్రచురణలో కూడా వచ్చింది. తర్వాత వికీలో ఆ పేరుకి ఆధారంగా ఆ పత్రికల్లో ఒకదాన్నే చూపించారు. ఇలాంటి దానికి 2011లో ఒక వెబ్ కామిక్ 'సైటోజెనిసిస్' (సైటేషన్ల పుట్టుక, అంటే ఆధారాలు పుట్టుకురావడం) అని పేరు పెట్టింది. దీనికి తెలుగులో ఏమనాలి?

జవాబు:
కొత్త మాట వెతకడం దేనికి? తర్కంలో ఎప్పటినుంచో ఉంది. దేనికి అదే ఆధారమైతే ఆత్మాశ్రయం. నీకు నేను, నాకు నువ్వు ఆధారమైతే అన్యోన్యాశ్రయం. మధ్యలో మూడోవాడు దూరితే చక్రకం. అసలు అంతే లేకుండా పోతూ ఉంటే అనవస్థ. మీ జంతువు పేరు వికీ నుంచి పత్రికకి, పత్రిక నుంచి వికీకి వచ్చింది కాబట్టి అన్యోన్యాశ్రయం. పత్రిక నుంచి పుస్తకంలోకి వెళ్లి అక్కణ్ణించి వికీకి వచ్చి ఉంటే చక్రకం. ఇక్కడ పని చేస్తున్న మాట 'ఆశ్రయం' అని గమనించండి. పరిశోధకురాలి అభ్యంతరానికి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చక్రంలో ప్రతి అడుగుకీ ఆధారం ఉంది. మూలం మాత్రం ఎక్కడా లేదు. ఈ రెండు మాటలకీ తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది.

జవాబు:
పండితుల మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. రోజూ పేపర్లో 'అలా జరిగిన దాఖలాలు లేవు' అని చదువుతాం. అందరికీ అర్థమయ్యే మాట. గుర్తుకి 'దాఖలా?' అని పెట్టేస్తే పోదా?

జవాబు:
వినడానికి బాగుంది. అయితే దాఖలా అంటే జరిగినట్టు రాసి ఉన్న రుజువు. 'నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది' అన్న వాక్యం పక్కన దాఖలా అడిగితే ఆఫీసులో దరఖాస్తు పెట్టినట్టుంటుంది. చరిత్ర వ్యాసాలకి సరే.

అడిగినవారు:
అయితే వాక్యం పక్కన గుర్తుకి 'ఆధారం?' అంటాను, అడుగున శీర్షిక 'మూలాలు' అలాగే ఉండనిస్తాను. మాస్టారి చక్రకాన్ని చర్చా పేజీలో వాడేస్తాను, పాపం ఎవరు అడ్డుకుంటారో చూద్దాం.

జవాబు:
ఇంతకీ ఆ కోఆటికి తెలుగులో పేరేమైనా ఉందా మాస్టారూ? లేకపోతే మీరే ఒకటి పెట్టండి.

జవాబు:
పెట్టను. ఇక్కడ నేనొక పేరంటే ఎల్లుండికి అది వ్యాసంలో ఉంటుంది, దానికి ఆధారం నేనే అవుతాను.