మెడికేర్ ఆక్యుపంక్చర్‌కు చెల్లిస్తుంది, ఆక్యుపంక్చర్ వైద్యులకు చెల్లించదు: ఇది సబబేనా?

ఫ్రీమాంట్ కోడలు:
మా అత్తగారికి డెబ్బై దాటాయి, నడుము నొప్పి నెలల తరబడి వదలడం లేదు. అరవై అయిదు దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్, సన్నని సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్‌కు చెల్లిస్తుందని విని, కాలిఫోర్నియా లైసెన్సు ఉన్న ఒక చైనీయ వైద్యురాలి దగ్గరకు తీసుకువెళితే, తాను మెడికేర్‌కు బిల్లు పంపలేనని ఆమె చెప్పారు. చికిత్సను ఒప్పుకొన్న చట్టం, ఆ చికిత్స నేర్చినవారిని ఒప్పుకోకపోవడం న్యాయమేనా?

లెక్కల మనిషి:
ఆమె చెప్పింది నిజమేనండి. 12 వారాలు, అంతకు మించి వేధిస్తున్న నడుము నొప్పికి మాత్రమే, అదీ కేన్సర్, ఇన్ఫెక్షన్, శస్త్రచికిత్స, గర్భం వంటివి కారణం కానప్పుడు, 2020 జనవరి 21 నుంచి మెడికేర్ 90 రోజుల్లో 12 విడతలకు చెల్లిస్తోంది; గుణం కనిపిస్తే మరో 8 విడతలు ఇస్తుంది కానీ ఏడాదికి 20 దాటనివ్వదు. అయితే డబ్బు ఎవరికి చెల్లించాలో చెప్పే సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఆక్యుపంక్చర్ వైద్యుల ప్రస్తావనే లేదు. వెన్నెముకను చేతులతో సరిచేసే కైరోప్రాక్టర్లను మాత్రం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 1972లోనే అందులో చేర్చింది. అందుచేత ఈ వైద్యులు ఒక డాక్టరు, నర్స్ ప్రాక్టీషనర్ లేదా ఫిజీషియన్ అసిస్టెంట్ పర్యవేక్షణలో పనిచేయాలి, బిల్లు ఆ పర్యవేక్షకుల పేరిటే వెళ్లాలి. ఒంటరిగా క్లినిక్ నడుపుకొనేవారికి ఇది దాదాపు అసాధ్యం. ఇదే వైద్యురాలికి స్వతంత్రంగా వైద్యం చేసే హక్కును రాష్ట్రం ఇచ్చింది కనుక, దీన్ని రోగి భద్రత కోసం పెట్టిన నిబంధన అని నేను అనుకోను. కాంగ్రెస్ పాత చట్టాన్ని సవరించకపోవడం వల్ల మిగిలిన చిక్కు ఇది.

సూది మీద సందేహి:
సవరించడానికి ముందు ఫలితం ఎంతో చూడాలి. సూది గుచ్చినట్లు నటించే ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన పరీక్షల్లో నడుము నొప్పికి కనిపించిన తేడా స్వల్పం. నల్లమందు జాతి నొప్పి మందులైన ఓపియాయిడ్ మాత్రల వ్యసనానికి ప్రత్యామ్నాయం వెతుకుతున్న సమయంలో మెడికేర్ ఈ అనుమతి ఇచ్చిందన్నది మరచిపోకూడదు. ఇక చైనీయ మూలికలను 1994 చట్టం ఆహార అనుబంధాలుగానే చూస్తుంది, అమ్మే ముందు వాటి గుణాన్ని నిరూపించనక్కరలేదు. వాటికి బీమా అడగడం మరీ అన్యాయం.

లెక్కల మనిషి:
మూలికల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ సూది డాక్టరు గుచ్చినా, ఆక్యుపంక్చర్ వైద్యురాలు గుచ్చినా దాని గుణం ఒకటే కదా! ఆధారం చాలదనిపిస్తే చికిత్సనే జాబితా నుంచి తీసివేయాలని వాదించండి; బిల్లు ఎవరు పంపాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

సూది మీద సందేహి:
అలాగైతే తీసివేయాలనే నా వాదన.

హెచ్‌వన్‌బీ ఉద్యోగి:
పనిచేసే వయసువారి సంగతి మరీ విచిత్రం. కాలిఫోర్నియాలో చిన్న సంస్థలు, వ్యక్తులు కొనే పాలసీల కనీస ప్రయోజనాల్లో వికారానికి, దీర్ఘకాలిక నొప్పికి ఆక్యుపంక్చర్ ఉంది. మనలో చాలామంది పనిచేసే పెద్ద కంపెనీలు మాత్రం క్లెయిముల డబ్బు తామే భరిస్తాయి, బీమా కంపెనీ కాగితాలు చూసుకొంటుంది; అటువంటి ప్లాన్లకు 1974 నాటి ఎరిసా చట్టం వల్ల రాష్ట్రాల ఆదేశాలు వర్తించవు. కార్డు మీద ఒకే బీమా కంపెనీ పేరున్నా, పక్కింటివారికి దొరికిన చికిత్స మనకు దొరకకపోవడానికి కారణం ఇదే.

లెక్కల మనిషి:
కోడలుగారూ, ప్రైవేటు బీమా కంపెనీలు మెడికేర్‌కు బదులుగా నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో కొన్ని ఆక్యుపంక్చర్‌ను అదనపు ప్రయోజనంగా ఇస్తూ, లైసెన్సు ఉన్నవారిని తమ నెట్‌వర్క్‌లో చేర్చుకొంటున్నాయి. ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు వాటికి మారవచ్చు. అయితే నచ్చక తిరిగి ప్రభుత్వం నేరుగా నడిపే పాత మెడికేర్‌కు వస్తే, అది చెల్లించని వాటాను భరించే మెడిగ్యాప్ పాలసీ అమ్మేవారు ఆరోగ్య చరిత్ర చూసి నిరాకరించే అవకాశం ఉంది; ఇరవై విడతల సూదుల కోసం అంత సాహసం చేయాలో వద్దో అత్తగారి మిగతా జబ్బులను బట్టి తేల్చుకోండి.