కొత్తగా రోడ్ బైక్ కొన్నవాళ్లకి ఫిట్టింగ్ ముందే కావాలా, తొక్కాక చూసుకోవచ్చా?

కొత్తచక్రం
అందరికీ నమస్కారం. రోడ్ బైక్ కొని రెండు నెలలైంది, అంతకుముందు మామూలు సైకిలే. 20 కిలోమీటర్లు దాటితే రెండు మోకాళ్లూ ముందువైపు, చిప్ప దగ్గర సలుపుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎత్తు 175 సెంటీమీటర్లు, ఇన్‌సీమ్ (కాలి లోపలి పొడవు) 76, ఫ్రేమ్ 56, క్రాంక్ (పెడల్ బిగించే చేయి) 170 మిల్లీమీటర్లు. ఇన్‌సీమ్‌ని 0.883తో గుణించి, బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైదాకా 67 సెంటీమీటర్లు పెట్టుకున్నా. డబ్బు పెట్టి ఫిట్టింగ్ (బైక్‌ని నా ఒంటికి సరిపెట్టడం) చేయించుకోవాలా, తొక్కగా తొక్కగా సర్దుకుంటుందా?

గొలుసునూనె
ఫిట్టింగ్ ఇప్పుడే వద్దు. రెండు నెలలకి ఒంటికి ఇంకా వంగడమే రాదు. ఇవాళ కొలిచి బిగించిన పొజిషన్ ఆరు నెలలయ్యాక మీకే పనికిరాదు. నడుము వంగడం నేర్చుకుంటుంది, పొట్ట తగ్గుతుంది, హ్యాండిల్ ఇంకాస్త కిందికి ఉంటే బాగుండనిపిస్తుంది. అప్పుడు మళ్లీ డబ్బు పెడతారా? సీటు ఎత్తుకి ఆ 0.883 చాలు, దాన్నే లెమాండ్ లెక్క అంటారు, అది వేశారు. ఒకసారి మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పి చూడండి, అడుగుకి వచ్చేసరికి కాలు నిటారుగా రావాలి. అంతే. ఓ 1000 కిలోమీటర్లు తొక్కి రండి, మాట్లాడదాం.

మిల్లీమీటరు
మోకాలు సలుపుతోందన్న మనిషిని ఇంకో 1000 తొక్కమంటున్నారు. బాగుంది.

కొత్తచక్రం గారూ, సీటు ఎత్తుకి 0.883 ఒక్కటే దారి కాదు. ఇన్‌సీమ్‌కి 109 శాతం లెక్క కూడా ఉంది, అది పెడల్ దగ్గర్నుంచి కొలుస్తారు. మీ 76కి 82.8 వస్తుంది, క్రాంక్ 17 తీసేస్తే 65.8. లెమాండ్ లెక్కకి 67.1. రెండు సూత్రాలకే 1.3 సెంటీమీటర్ల తేడా ఉంటే కొత్తవాడు దేన్ని నమ్మాలి? అందుకే మనిషిని బైక్ మీద కూర్చోబెట్టి, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25, 35 డిగ్రీల మధ్య ఉందో లేదో చూడాలి. ఆ పని చూడటం వచ్చినవాళ్లు చేయాలి.

ఎదురుగాలి
175 ఎత్తుకి 76 ఇన్‌సీమా? ఎలా కొలిచారు?

గొలుసునూనె
109 శాతం ఎక్కడిదో తెలుసా మీకు? 1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు ఎర్గోమీటర్ (ఉన్నచోటే తొక్కే పరీక్ష సైకిల్) మీద తేల్చింది. కాసేపు గట్టిగా తొక్కితే శక్తి ఎంత వస్తుందన్నది వాళ్ల గొడవ. మూడు గంటలు రోడ్డు మీద కూర్చునేవాడి గొడవ వేరు.

మిల్లీమీటరు
మీ 0.883కి అసలు క్రాంక్ ఎంతో కూడా తెలీదు. క్రాంక్ 170 నుంచి 175కి మారిస్తే పాదం అరసెంటీమీటరు కిందికి పోతుంది. మీ లెక్కలో సీటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

గొలుసునూనె
అరసెంటీమీటరు! షూ అడుగు మారిస్తేనే అందులో సగం మారిపోతుంది. చలికాలం మందం ప్యాంటు వేసుకున్నప్పుడల్లా ఫిట్టర్ దగ్గరికి పరిగెడతారా?

తొక్కుడుబిళ్ల
వేళ్ల తిమ్మిరి సంగతి ఎవరైనా చూస్తున్నారా? 😀

కొత్తచక్రం
ఎదురుగాలి గారూ, ప్యాంటు లేబుల్ మీద లోపలి పొడవు 30 అంగుళాలని ఉంటే సెంటీమీటర్లలోకి మార్చా. గొలుసునూనె గారూ, మడమ పెట్టి చూశాను, అడుగున కూడా మోకాలు బాగానే వంగి ఉంది. అలాగే ఉండాలా?

మిల్లీమీటరు
గొలుసునూనె గారూ, షూ అడుగు మారితే సీటు మార్చాల్సిందే, అదే నేను చెప్పేది. ఎడ్డీ మెర్క్స్ అంతటివాడు 1969లో బ్లువా ట్రాక్ మీద పడ్డాక సీటు ఎత్తు మార్చుకుంటూనే ఉన్నాడు. మిల్లీమీటర్ల విలువ ఆయనకి తెలుసు.

గొలుసునూనె
అయ్యా, అది నా వైపు సాక్ష్యం! అన్ని రేసులు గెలిచినవాడికే 'సరైన కొలత' దొరక్క రెంచీ పట్టుకుని తిరిగితే, మీ ఫిట్టర్ రెండు గంటల్లో దొరకబుచ్చుకుంటాడా?

నా సంగతి చెప్తా వినండి. నాలుగేళ్ల క్రితం నేనూ చేయించుకున్నా. ఒళ్లంతా స్టిక్కర్లు అంటించారు, కెమెరాలు పెట్టారు, తెర మీద నా కాలు ఆకుపచ్చ గీతల్లో తిరుగుతుంటే సంబరంగానే ఉంది. హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్‌ని 90 మిల్లీమీటర్ల నుంచి 120కి మార్చారు, 'మీ కోణాలకి ఇదే సరి' అని. నాలుగు వారాలు మెడ తిప్పలేకపోయా. వెళ్లి చెబితే తెర చూపించి 'కోణాలన్నీ బాగున్నాయి కదండీ' అన్నారు. మెడ నాది, కోణాలు వాళ్లవి. ఇంటికొచ్చి పాత స్టెమ్ నేనే బిగించుకున్నా, రెండు రోజుల్లో తగ్గింది.

మిల్లీమీటరు
మీకు దొరికినవాడు చేతకానివాడు. దానికి కొత్తవాళ్లందర్నీ వద్దనడం ఏం న్యాయం?

గొలుసునూనె
చేతనైనవాడెవడో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? చెప్పండి. నొసటి మీద రాసుకుంటారా?

మిల్లీమీటరు
మరి మీలాంటి సీనియర్ చెప్పేది సరైనదని ఎలా తెలుస్తుంది?

నేనూ చెప్తా. మొదలుపెట్టిన ఏడాది నాకూ ఇవే రెండు వేళ్లు. కలిసి తొక్కే గుంపులో అడిగితే 'కొత్తలో అందరికీ ఉంటుంది, అలవాటవుతుంది' అన్నారు. ఒకరు కాదు, పెద్దలందరూ. ఎనిమిది నెలలు అలవాటు చేసుకున్నా. చివరికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయా. అరచేతి మడమలోంచి ఆ రెండు వేళ్లకి వెళ్లే నరం నలిగిందని డాక్టర్ చెప్పారు. ఐదు నెలలు సైకిలే ముట్టలేదు. ఆ తర్వాత తేలిందేమిటి? హ్యాండిల్ నాకు మరీ దూరం, మోచేతులు బిగబట్టి బరువంతా చేతుల మీద వేస్తున్నా. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను బైక్ మీద కూర్చోబెట్టి చూసి ఉంటే సరిపోయేది. నువ్వు ఇవాళ ఇతనికి చెప్పింది కూడా ఆ మాటే. '1000 కిలోమీటర్లు తొక్కి రా' అట!

గొలుసునూనె
నువ్వు, నువ్వు అనేదాకా వచ్చిందా. సరే. నేను తిమ్మిరిని ఓర్చుకోమనలేదు. ఒళ్లు నొప్పికీ దెబ్బకీ తేడా మనిషి తానే కనిపెట్టుకోవాలన్నా. మొదటి నెలలో పిర్రల నొప్పి వస్తుంది, పోతుంది. దానికీ ఫిట్టరంటే, ఇక జన్మలో సొంతంగా అలెన్ కీ పట్టుకోడు.

మిల్లీమీటరు
ఆ తేడా కొత్తవాడికి తెలీదనే కదా నా ఏడుపంతా! నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. నాకు 0.883 మీద పగేం లేదు, ఆ 'అలవాటవుతుంది' మీదే.

గొలుసునూనె
అది ముందే అనొచ్చుగా. వేళ్ల సంగతి నేను సరిగ్గా చదవలేదు, మోకాళ్ల దగ్గరే ఆగిపోయా. తిమ్మిరికి 1000 కిలోమీటర్లు వైద్యం కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫిట్టింగ్ మీద మాత్రం కాదు.

ఎదురుగాలి
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుతారా? ఆయన ఇన్‌సీమ్ *ప్యాంటు లేబుల్* చూసి రాశారు. పైన చెప్పారు కూడా, ఎవరూ చదవలేదు.

కొత్తచక్రం గారూ, చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. కాస్త మందమైన పుస్తకం కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద బరువు వేసినట్టు గట్టిగా పైకి లాగండి. పుస్తకం పైఅంచు నుంచి నేలదాకా కొలవండి.

కొత్తచక్రం
82 వచ్చింది. రెండుసార్లు కొలిచా.

ఎదురుగాలి
82ని 0.883తో వేస్తే 72.4. 109 శాతం వేసి క్రాంక్ తీసేసినా 72.4. మీరిద్దరూ 1.3 కోసం జుట్లు పట్టుకున్నారు, ఆయన సీటు 5 సెంటీమీటర్లు కింద ఉంది.

తొక్కుడుబిళ్ల
🙏

గొలుసునూనె
మడమ పరీక్ష చెప్పింది నేనే అని మనవి. మోకాలు వంగే ఉందని ఆయన రాసింది చూసుకోలేదు, అది నా తప్పు. ఒకేసారి 5 లేపకండి. రైడ్‌కి 5 మిల్లీమీటర్ల చొప్పున లేపండి. సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) మీద చెక్కిన గీత బయటికి కనపడకూడదు. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే, మోకాలి వెనక లాగితే ఎక్కువైందని అర్థం.

మిల్లీమీటరు
ఒక ఫిట్టర్ ఈ సంగతి ఐదు నిమిషాల్లో పట్టేసేవాడు.

గొలుసునూనె
ఎదురుగాలి గారు ఒక్క ప్రశ్నతో పట్టేశారు, డబ్బు తీసుకోకుండా.

కొత్తచక్రం
రెండు వారాలైంది. సీటు 71.5 దగ్గరుంది, ఇంకా పైకి వద్దనిపించి ఆగా. నిన్న 45 కిలోమీటర్లు తొక్కా, మోకాళ్లు ఉన్నట్టే తెలియలేదు. కానీ వేళ్ల తిమ్మిరి ఎక్కువైంది, ఇప్పుడు పది కిలోమీటర్లకే.

మిల్లీమీటరు
అవుతుంది. సీటు 4.5 లేచిందంటే చేతులు అంత కిందికి పోయినట్టే. పోస్ట్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సీటు 1.3 దాకా వెనక్కి కూడా జరిగింది. హ్యాండిల్ ఇంకా దూరమైంది. పైగా 56 ఫ్రేమ్. స్టెమ్ పొట్టిది వేయాలి. ఇది మాత్రం చూసేవాళ్ల చేత చూపించుకోండి, దయచేసి.

గొలుసునూనె
ముందు స్టెమ్ తిరగేసి బిగిస్తే రూపాయి ఖర్చు లేకుండా హ్యాండిల్ పైకొస్తుంది. స్టెమ్ పైన స్పేసర్లు (రింగులు) ఉంటే దాని కిందికి మార్చండి. సీటు ముందుకు జరిపి మాత్రం దూరం తగ్గించకండి, మళ్లీ మోకాళ్ల దగ్గరికే వస్తారు.

కొత్తచక్రం
సీటు జరపలేదండీ. కూర్చుంటే కింద ఒత్తుకుంటోందని సీటు ముక్కు మాత్రం కాస్త కిందికి వంచా. ముందుకి జారుతున్నట్టుంది కానీ ఒత్తిడి లేదు.

ఎదురుగాలి
జారేవాణ్ణి ఆపేది చేతులే కదండీ. ఎంత వంచారు? దేంతో కొలిచారో కూడా చెప్పండి.