అప్‌డేట్: తక్కువ బడ్జెట్‌లో మొదటి రైఫిల్, స్కోపు – గురి కుదిరింది

తక్కువ ఖర్చులో మొదటి రైఫిల్, స్కోపు (గురి చూసే దుర్భిణి) ఏవి తీసుకోవాలని, కొన్నాక గురి ఎందుకు నిలవడం లేదని కర్నూలు నుంచి అడిగింది నేనే. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కనుక, గురి సాధన కోసం గుండు శక్తి 20 జౌల్స్‌కు మించని, 0.177 అంగుళాల గొట్టం ఉన్న స్ప్రింగు ఎయిర్ రైఫిల్ (స్ప్రింగు నొక్కిన గాలితో పేలేది) తీసుకున్నాను. స్ప్రింగు రైఫిల్ వెనక్కూ ముందుకూ కుదుపునిస్తుందని, ఆ కుదుపుకు మౌంటు (స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపు) జరిగిపోతుందని ఒకరు చెప్పిన మాటే నిజమైంది. శిక్షకుడు విప్పి చూసి, రైఫిల్ పైనున్న పట్టాల మీద మౌంటు ఒరుసుకుపోయిన సన్నని గీతను చూపించి, జరగకుండా ఆపే స్టాప్ పిన్ను ఉన్న మౌంటు బిగించారు. ఇప్పుడు 10 మీటర్ల దూరంలో పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుండ్లు) దగ్గర దగ్గరగా పడుతున్నాయి. నా విషయంలో గురి నిలవకపోవడానికి స్కోపు మాగ్నిఫికేషన్ (పెద్దదిగా చూపే శక్తి) గానీ, పెల్లెట్ల రకం గానీ కారణం కాదు. దగ్గరి దూరానికి పారలాక్స్ (కన్ను కదిలితే గురి గుర్తు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం) సరిచేసుకునే వీలున్న స్కోపు మాత్రం ఉంటే మేలు.