తోటి విద్యార్థుల రాతలు చూసే పని ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న (హనుమకొండ విద్యార్థిని):
బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొదటి సంవత్సరం వాళ్లు తెచ్చే వ్యాసాలు, ప్రాజెక్టు నివేదికలు వాళ్లతో కలిసి చూడడానికి మా కళాశాల గ్రంథాలయంలో ఒక బల్ల వేశారు. వారానికి రెండు మధ్యాహ్నాలు నన్ను కూర్చోమన్నారు. జీతం లేదు. నాకు ఇష్టమే. నాన్న మాత్రం ఆ సమయంలో గ్రూప్-1కు చదువుకోమంటున్నారు. ఈ పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి, తర్వాత ఏమైనా ఉపయోగపడిందా?

కాజీపేట అక్క:
ఒప్పుకో చెల్లీ. నేను రెండేళ్లు చేశాను. ఇప్పుడు ఒక బ్యాంకులో రుణాల విభాగంలో ఉన్నాను.

మొదట్లో కాగితం చేతికి రాగానే ఎర్ర పెన్నుతో దిద్దేసేదాన్ని. ములుగు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయి మేడారం జాతర మీద వ్యాసం తెచ్చాడు. ‘జాతర చాలా ప్రసిద్ధమైనది’ అని మొదలుపెట్టి పేజీన్నర అలాగే నడిపాడు. దిద్ది ఇచ్చాను. రెండు వారాలు మళ్లీ కనిపించలేదు. వచ్చినప్పుడు పెన్ను అతని చేతిలోనే ఉంచి, ‘నువ్వు వెళ్లినప్పుడు ఏం చూశావు?’ అని అడిగాను. వాళ్ల నానమ్మ నిలువెత్తు బంగారం మొక్కుకుందట. తక్కెడలో ఒకవైపు ఆమె, మరోవైపు బెల్లం దిమ్మలు, ముల్లు సరిగ్గా నిలిచేదాకా చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి చూడడం, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. ‘అదే రాయి’ అన్నాను.

ఇప్పుడు నా ఎదురుగా రైతులు, చిన్న దుకాణదారులు దరఖాస్తు పట్టుకుని కూర్చుంటారు. కాగితంలో లేనిది అడిగి రాబట్టాలి, వాళ్లను చిన్నబుచ్చకుండా. ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది అదే. ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ ఈ అబ్బాయి సంగతే చెప్పాను.

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకే 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. పదిమంది వ్యాసాలు ఎక్కడ దారి తప్పాయో చూసినవాళ్లకు తమ వ్యాసం తప్పినా తెలిసిపోతుంది. నాన్నగారికి ఈ ముక్క చెప్పు.

విదేశంలో చదివిన వరంగల్ వాసి:
అమెరికాలో ఇది పాత పద్ధతే. మెయిన్, మార్క్వెట్, విస్కాన్సిన్-మ్యాడిసన్ విశ్వవిద్యాలయాల్లో ఇలా పనిచేసిన 126 మంది పూర్వ విద్యార్థుల అనుభవాలతో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. రాయడం ఒక్కటే కాదు, శ్రద్ధగా వినడం, విశ్లేషించడం, తమ మీద తమకు నమ్మకం కూడా అక్కడే అబ్బాయని వాళ్లు చెప్పారు.

ఒక అధ్యాపకుడు:
రాసిపెట్టమని అడిగేవాళ్లు వస్తారమ్మా. స్నేహితులైనా సరే, ఒప్పుకోవద్దు. ఏ రోజు ఎంతమందితో, ఏ రకం రాత మీద కూర్చున్నారో పేర్లు లేకుండా నోటుపుస్తకంలో రాసుకోండి. రెజ్యూమేలో ‘సహాయం చేశాను’ అని రాయడం కన్నా ఆ లెక్క బలంగా ఉంటుంది.

హనుమకొండ విద్యార్థిని:
నాన్నకు చదివి వినిపించాను. పరీక్షల నెల తప్ప సరే అన్నారు! అక్కా, వచ్చినవాళ్లు బెదిరిపోయి నోరు విప్పకపోతే ఏం చేసేవారు?

కాజీపేట అక్క:
వాళ్ల రాతను వాళ్లతోనే పైకి చదివించేదాన్ని. వాక్యం కుదరని చోట వాళ్లే ఆగిపోతారు. అక్కడి నుంచి మాట మొదలుపెట్టు.