అప్‌డేట్: నాన్న ట్రాకియాస్టమీ ట్యూబ్ దగ్గర రక్తం

పోయిన వారం అడిగింది నేనే. ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి ఊపిరికి ట్యూబ్ పెట్టడం) అయిన 12వ రోజు నాన్నకి ట్యూబ్ చుట్టూ రెండు మూడు చెంచాల ఎర్రటి రక్తం వచ్చి, దానంతటదే ఆగిపోయింది. కఫం లాగే సక్షన్ పైపు గీరుకుందేమో, తెల్లారేదాకా చూడొచ్చా అని అడిగాను. ఆగొద్దని తిట్టినంత పని చేసినవాళ్లకి దండాలు.

రాత్రికి రాత్రే తీసుకెళ్లాం. సీటీ యాంజియోగ్రామ్‌లో (రక్తనాళాలు చూసే స్కాన్) తేలిందేంటంటే, గొంతు కింద శ్వాసనాళం ముందు నుంచి అడ్డంగా వెళ్లే ఇనామినేట్ ధమనికి, శ్వాసనాళానికి మధ్య గోడ ఒరిసి చిల్లు పడింది. ఇది అరుదేనట, నూటికి ఒకరికి కూడా రాదట. వస్తే ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లోనేనట. అసలు పెద్ద రక్తస్రావానికి ముందు చాలామందిలో ఇలా కొంచెం కనిపించి ఆగుతుందట. నేను ఆగిపోయిందని సంతోషించింది దాన్నే!

ఆపరేషన్‌కి సిద్ధం చేస్తుండగానే రెండోసారి ధారగా వచ్చింది. డాక్టర్ ట్యూబ్ కఫ్‌లో (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ) ఇంకా గాలి నింపారు, చాల్లేదు. నోటి ద్వారా వేరే ట్యూబ్ వేసి, మెడ రంధ్రంలోంచి వేలు దింపి ధమనిని ముందుకి, రొమ్ము ఎముకకేసి అదిమి పట్టుకునే థియేటర్‌లోకి నడిచారు. ఆ ధమనిని కట్టేశారు.

ఇప్పటికి ఐదు రోజులు. కుడి చేతికి రక్తం వెళ్లేది ఆ ధమని నుంచే, అయినా కుడి చేయి బాగానే కదుపుతున్నాడు. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు. కఫ్ ప్రెషర్ ప్రతి షిఫ్టులో కొలుస్తున్నారు, నేను పక్కనుండి అంకె అడుగుతూనే ఉన్నాను. నర్సమ్మకి విసుగొచ్చినా సరే.