‘ఫెమినిస్టుని కాను’ అన్న దర్శకురాలి సినిమాని ఫెమినిస్టు సినిమా అనొచ్చా?

నాలుగోవరుస: చెకొస్లొవేకియా దర్శకురాలు వియెరా హితిలోవా ‘డైసీస్’ (1966) మళ్లీ చూశాను. ఫెమినిస్టు సినిమాలు అనగానే ముందు వినిపించే పేర్లలో అదొకటి. ఆవిడేమో ఫెమినిజం మీద నమ్మకం లేదు, వ్యక్తి స్వేచ్ఛే నమ్ముతానంది. వద్దన్న పేరు తగిలించడం న్యాయమా? నేనైతే ఒప్పుకోను.

కత్తెర: ఏ రోజుల్లో పెరిగిన మనిషో చూడండి. స్త్రీ విముక్తి ఎప్పుడో సాధించేశామని అక్కడ ఏలుతున్న కమ్యూనిస్టు పార్టీయే చాటుకునేది. మార్చి 8 సర్కారీ పండగ. ఫెమినిజం అంటే బూర్జువా సరుకు. ఇక ఆ మాట ఎవరు నెత్తిన పెట్టుకుంటారు? సినిమాలో ఏముంది? ఇద్దరమ్మాయిలు ముసలి మగాళ్ల ఖర్చుతో కడుపారా తిని, వాళ్లని రైలెక్కించి పంపేస్తారు. చివరికి విందు బల్లెక్కి అంతా తొక్కేస్తారు. 1967లో ఓ సభ్యుడు జాతీయ సభలో లేచి తిండి వృథా చేశారని గోల. సలాడ్ తొక్కితే తప్ప కోపం రానివాళ్లకి అంకితం అని ఆవిడ సినిమా చివర ముందే వేసేసింది! పెద్దమనిషి అక్కడిదాకా కూర్చున్నాడో లేదో.

నాలుగోవరుస: అది రాజ్యం మీద వెటకారం, సరే. ఆడవాళ్ల మాటెక్కడ? ఆ పిల్లల్ని ఆవిడేం మెచ్చుకోలేదు కదండీ.

పాతరీలు: మెచ్చుకుంటేనే ఫెమినిజమా? సోవియట్ వైపు రండి. దర్శకురాలు కీరా మురాతోవా తీసిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్స్’ (1967). నగరంలో నీటి సరఫరా చూసే అధికారిణి (ఆ వేషం మురాతోవాదే), పల్లె నుంచి వచ్చిన పనమ్మాయి, ఇద్దరూ మనసిచ్చిన మగాడొకడు, ఎప్పుడూ ఊళ్లో ఉండడు. నీళ్లు రాని కొత్త బిల్డింగుకి ఆవిడ సంతకం పెట్టనంటుంది. నినాదం ఒక్కటీ లేదు. అయినా 20 ఏళ్లు మూలన పడేశారు, గోర్బచేవ్ వచ్చాక 1987లో బయటపడింది. అంతా మారిందనుకుంటే, మురాతోవాదే ‘ఆస్థెనిక్ సిండ్రోమ్’కి (1989) మళ్లీ అడ్డు. కారణం బూతులు. మెట్రోలో ఓ ఆడమనిషి ఆపకుండా తిడుతుంది. గోర్బచేవ్ సంస్కరణలు, అదే పెరెస్త్రోయికా, అక్కడిదాకానే సాగింది!

కత్తెర: హితిలోవా ‘ట్రాప్స్’ 1998ది, పార్టీ పాలన పోయిన తొమ్మిదేళ్లకి. అత్యాచారం చేసిన ఇద్దరినీ ఓ పశువైద్యురాలు తన వృత్తి విద్యతోనే శిక్షిస్తుంది. ఒకడు రాజకీయ నాయకుడు. దీన్నేమంటారు?

నాలుగోవరుస: అది చూడలేదండి. చూసొచ్చి మాట్లాడతా. ‘డైసీస్’ మీద మాత్రం నా మాట అదే.